అడుగు బరువు

అలిపిరిలో తెల్లవారకముందే సందడి మొదలవుతుంది. పాదాల మండపం దగ్గర లోహపు పాదుకలను తలమీద పెట్టుకుని ప్రదక్షిణ చేసేవాళ్లు ఒకవైపు, మొదటి మెట్టుకు పసుపు కుంకుమలు పెట్టి కర్పూరం వెలిగించేవాళ్లు మరోవైపు. అక్కడికి కాస్త దూరంలో ఇంకో వరుస ఉంటుంది. అది సామాను కౌంటర్. కాలినడకన కొండెక్కే భక్తుల సంచులను తిరుమల తిరుపతి దేవస్థానం అక్కడ ఉచితంగా తీసుకుని, రసీదు ఇచ్చి, వాహనంలో పైకి చేరుస్తుంది. వరుసలో నిలబడ్డ కుటుంబాలు జిప్పులు తీసి, నేలమీదే సంచులు పరిచి సర్దుకుంటాయి. అమ్మమ్మ బీపీ మాత్రలు పెద్ద సంచిలోంచి చేతిసంచిలోకి వస్తాయి. పిల్లాడి స్వెటర్ బయటికి వచ్చి, మళ్లీ లోపలికే పోతుంది. నీళ్ల సీసా ఒకటి చాలా, రెండు కావాలా అని మొగుడూ పెళ్లాల మధ్య చిన్న వాదన జరుగుతుంది.

ఆ పది నిమిషాల సర్దుడుకు చాలా విలువ ఉంది. అలిపిరి దారిలో మెట్లు 3,550. భుజాన ఐదు కిలోల సంచి ఉంటే, ఆ ఐదు కిలోలనూ మెట్టు మెట్టుకీ ఎత్తాలి. అలా 3,550 సార్లు. కూడితే 17,750 కిలోలను ఒక మెట్టు ఎత్తుకు లేపినంత పని. గాలిగోపురం దాకా మెట్లు నిటారుగా ఉంటాయి. ఆ తర్వాత చాలా దూరం దారి చదునుగా సాగి, కాళ్లు హమ్మయ్య అనుకునేలోపే మోకాళ్ల మెట్టు ఎదురవుతుంది. కింద సరదాగా తగిలించుకున్న సంచి అక్కడికి వచ్చేసరికి పెద్ద బండరాయి అయిపోతుంది.

అందుకే బరువు అనగానే దించుకోవాలనే అనిపిస్తుంది. మంచి సలహాలు చెప్పేవాళ్లలో ఎక్కువమంది చెప్పేదీ అదే: భారం తగ్గించుకోండి, వదిలేయండి, తేలికపడండి. ఆ సలహాలో నిజం ఉంది. అయితే కౌంటర్ దగ్గర అమ్మమ్మ మాత్రలు ఎందుకు వెనక్కి వచ్చాయి? పెద్దవాళ్లు చేతికర్ర ఎందుకు వదల్లేదు? కొన్ని బరువులు మనిషిని నిలబెడతాయి. వాటిని కావాలని ఎక్కించుకోవాలి. ఎక్కడ, ఎంత, ఎలా ఎక్కించుకోవాలో ఈ అధ్యాయంలో చూద్దాం. ఆ విద్యను కళ్లకు కట్టేలా చూపించేది ఒక నీటి ఆట.

బరువు కొని తెచ్చుకునే పడవ

ఆ ఆట పేరు వేక్‌బోర్డింగ్. 1980ల అమెరికాలో రూపుదిద్దుకుంది. ఆటగాడు ఒక పొట్టి పలకకు కాళ్లు బిగించుకుని, మోటారు బోటుకు కట్టిన తాడు పట్టుకుని నీటిమీద జారుతూ వస్తాడు. బోటు గంటకు ముప్ఫై నుంచి ముప్ఫై ఎనిమిది కిలోమీటర్ల వేగంతో పోతుంటే, దాని వెనక నీళ్లు రెండు పాయలుగా చీలి అటూ ఇటూ గట్లలా లేస్తాయి. ఆ గట్టు ఎక్కి అతను గాల్లోకి ఎగురుతాడు. గట్టు ఎంత ఎత్తుగా, ఎంత గట్టిగా ఉంటే అంత పైకి లేస్తాడు.

తేలికైన బోటు నీటి పైపైనే పోతుంది కనుక దాని వెనక అల చిన్నది. బోటు బరువు పెరిగితే అది లోతుగా దిగుతుంది, ఎక్కువ నీటిని పక్కకు నెడుతుంది, అల పెద్దదవుతుంది. అందుకని ఆ ఆట ఆడేవాళ్లు ఖరీదైన బోటు కొని, దానికి కావాలని బరువు ఎక్కిస్తారు. దీన్నే బ్యాలస్ట్ అంటారు. తెలుగులో అడుగు బరువు అనుకోవచ్చు. మందపాటి ప్లాస్టిక్ సంచులను బోటు అడుగున అమర్చి, ఆట ఆడే చెరువు నీళ్లనే పంపుతో వాటిలోకి ఎక్కిస్తారు. లీటరు నీళ్లు కిలో బరువు కనుక లెక్క తేలిక. 420 లీటర్ల సంచి నింపితే, 70 కిలోల మనుషులు ఆరుగురు కొత్తగా బోటెక్కినట్టు.

ఎంత ఎక్కించారన్నదానితో పాటు ఎక్కడ పెట్టారన్నది కూడా అలను మారుస్తుంది. వెనక మూలల్లో బరువు పెంచితే అల నిటారుగా, ఎత్తుగా లేస్తుంది. కొంత బరువు ముందుకు జరిపితే అల కాస్త సాగి, వాలు నున్నగా వస్తుంది. ముందు మరీ ఎక్కువైతే బోటు ముక్కు వంగి, ఎదురొచ్చే నీళ్లు లోపలికి దూకుతాయి. ఎడమ కుడుల మధ్య తేడా ఉంటే ఒకవైపు అల పదునుగా ఉంటుంది, రెండోవైపు నురగై చెదిరిపోతుంది. అంత బరువు లాగడానికి ఇంజిను ఎక్కువ కష్టపడుతుంది. ఇంధనం ఎక్కువ తాగుతుంది. కొన్ని బోట్లకు నీటిని తోసే పంకా కూడా మార్చాల్సి వస్తుంది.

బరువు ఊరికే రాదు, ఊరికే పని చేయదు. ఈ సంగతి బోటు నడిపేవాళ్లకు మొదటి రోజే తెలుస్తుంది. మనుషులకు మాత్రం చాలాసార్లు ఆలస్యంగా తెలుస్తుంది.

తంజావూరు బొమ్మ, స్టాక్‌హోం ఓడ

చిత్తూరు, తిరుపతి వైపు ఇళ్లలో తంజావూరు బొమ్మను చూడనివాళ్లు తక్కువ. ఎటు తోసినా వాలి, ఊగి, మళ్లీ లేచి నిలబడే బొమ్మ. దాని రహస్యమంతా కింద గుండ్రంగా ఉన్న భాగంలోనే. బరువంతా అక్కడ ఉంటుంది. పైభాగం తేలిక. అదే బరువును తీసి తలలో పెడితే మొదటి తోపుకే పడిపోతుంది, ఇక లేవదు.

ఈ చిన్న సంగతిని పట్టించుకోక ఒక రాజ్యం తన గొప్ప ఓడనే పోగొట్టుకుంది. స్వీడన్ రాజు గుస్తావ్ అడాల్ఫ్ కట్టించిన వాసా ఓడలో 64 ఫిరంగులు. ఎత్తయిన వెనక భాగం నిండా శిల్పాలు. ఓడ బయల్దేరక ముందు దాని నిలకడ చూద్దామని ముప్ఫై మందిని డెక్‌మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పరుగెత్తించారు. మూడు పరుగులకే ఓడ ఎంత ఊగిందంటే, ఇంకా పరుగెత్తిస్తే అక్కడే బోర్లా పడుతుందని భయపడి ఆపేశారు. పరీక్ష ఆపారు గానీ ప్రయాణం ఆపలేదు. 1628 ఆగస్టు 10న ఓడ బయల్దేరింది. సుమారు 1,300 మీటర్లు పోగానే ఒక గాలి విసురుకు ఒరిగింది. తెరిచి ఉన్న ఫిరంగి కిటికీల్లోంచి నీళ్లు జొరబడ్డాయి. స్టాక్‌హోం రేవులో, జనం చూస్తుండగానే మునిగిపోయింది. 333 ఏళ్ల తర్వాత, 1961లో దాన్ని పైకి తీశారు.

వాసా అడుగున రాళ్ల బరువు లేకపోలేదు. దాదాపు 120 టన్నులు ఉంది. చాలలేదు. ఇంకా వేద్దామంటే ఓడ మరింత కిందికి దిగి, కింది వరుస ఫిరంగి కిటికీలు నీటికి మరీ దగ్గరవుతాయి. అంటే పైన ఎక్కించింది తగ్గించకుండా కింద ఎంత వేసినా ప్రయోజనం లేని స్థితికి వచ్చేసింది ఆ ఓడ.

నెల జీతంతో నడిచే సంసారాన్ని ఈ లెక్కలోనే చూడొచ్చు. నలుగురికీ కనబడేవన్నీ పై బరువు: కారు వాయిదా, కొత్త ఫోను వాయిదా, అప్పు తెచ్చి చేసిన ఫంక్షను. ఎవరికీ కనబడనివన్నీ అడుగు బరువు: బ్యాంకులో కదపకుండా ఉంచిన సొమ్ము, ఆరోగ్య బీమా, పీఎఫ్, అర్ధరాత్రి ఫోను చేసినా వచ్చే ఇద్దరు స్నేహితులు, రోజూ నడిచే అలవాటు. నెలకు 30 వేలు ఖర్చయ్యే ఇంట్లో ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టాలంటే 1,80,000 రూపాయలు కావాలి. నెలకు ఐదు వేల చొప్పున దాస్తే మూడేళ్లు పడుతుంది. ఆ మూడేళ్లలో ఎవరూ మెచ్చుకోరు. ఉద్యోగం ఊగిన రోజున మాత్రం ఇల్లు ఒరిగి, మళ్లీ లేచి నిలబడుతుంది. ముందు ఈ అడుగు బరువు వేసుకున్నాకే పైన కట్టడం మొదలుపెట్టాలి. పైన ఇప్పటికే ఎక్కువ కట్టేసుకున్నవాళ్లు వాసా సంగతి గుర్తుంచుకుని, మొదట పైదే కొంత దించాలి.

ఎడమ కుడుల లెక్క కూడా మన నేలకు తెలిసిందే. ఆడికృత్తికకు చిత్తూరు వైపు పల్లెల నుంచి తిరుత్తణికి కావడి ఎత్తుకుపోయే భక్తుడు రెండు వైపులా బరువు సమంగా ఉండేలా చూసుకుంటాడు. ఒకవైపు తేలికైతే మొత్తం బరువు తగ్గినట్టే, కానీ నడక కష్టమవుతుంది. 1944లో మొదటి ఘాట్ రోడ్డు రాకముందు తిరుమలకు నడవలేనివాళ్లను డోలీల్లో మోసుకుపోయేవారు. ముందు వెనక బోయీల అడుగు, ఎత్తు కలవకపోతే డోలీలో కూర్చున్నవాళ్ల కంటే మోసేవాళ్లకే ఎక్కువ శ్రమ. ఆఫీసు పనంతా ఒకరి భుజం మీద, ఇల్లంతా ఇంకొకరి భుజం మీద పడిన కుటుంబాల అలసట చాలావరకు ఇలాంటిదే. మొత్తం బరువు మారకుండా, పంచుకున్న తీరు మారినా వాళ్ల నడక మారుతుంది.

నిండు కుండ ఎందుకు తొణకదు

వేక్‌బోర్డింగ్‌కు కొత్తగా దిగినవాళ్లు ఒక తప్పు చేస్తుంటారు. మరీ బరువెందుకులే అని నీటి సంచిని సగం నింపుతారు. బోటు మలుపు తిరగగానే లోపలి నీళ్లన్నీ ఒక పక్కకు పరుగెడతాయి. బోటు అటు వాలుతుంది. వాలిన కొద్దీ నీళ్లు ఇంకా అటే చేరతాయి. అనుభవజ్ఞులు సంచిని పూర్తిగా నింపి, లోపల మిగిలిన గాలి కూడా బయటికి పోయేలా అదిమి మూత బిగిస్తారు. అంత బరువు వద్దనుకుంటే చిన్న సంచి తెచ్చి, దాన్నే నిండుగా నింపుతారు.

నిండు కుండ తొణకదు అని తెలుగువాళ్లు ఏనాటి నుంచో అంటున్న మాటలో ఈ శాస్త్రం ఉంది. కుండ అంచుదాకా నిండితే నీటికి అటూ ఇటూ పరుగెత్తే చోటుండదు. సగం కుండలో ఉంటుంది. ఓడల ఇంజినీర్లు ఈ ప్రమాదానికి చాలా భయపడతారు. 1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రుగ్ రేవు నుంచి బయల్దేరిన హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీ ముందు తలుపులు మూయకుండానే కదిలింది. కార్లు నిలిపే విశాలమైన అంతస్తులోకి నీళ్లు చేరాయి. అడ్డుగోడల్లేని ఆ అంతస్తులో నీళ్లు ఒక పక్కకు పరుగెత్తడంతో ఓడ నిమిషాల్లోనే పక్కకు పడిపోయింది. 193 మంది చనిపోయారు.

చుట్టకుదురు మీద నిండు బిందె పెట్టుకుని మెడ కదలకుండా నడిచే ఆడవాళ్లు ఈ సూత్రాన్ని రోజూ ఆచరించేవాళ్లు. తలమీద బరువు మోసే కెన్యా మహిళల మీద చేసిన ఒక ప్రసిద్ధ పరిశోధన 1986లో నేచర్ పత్రికలో వచ్చింది. తమ శరీర బరువులో ఇరవై శాతం వరకు బరువును వాళ్లు అదనపు శక్తి ఖర్చు లేకుండానే మోయగలిగారు. అది ఒక్క రోజులో వచ్చిన నేర్పు కాదు. చిన్నప్పటి నుంచీ మోసి మోసి, బరువును నడకలో కలిపేసుకున్నారు.

జీవితంలో సగం కుండలు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. ఒక నెల ఉదయం ఐదింటికి లేచి చదవడం, తర్వాతి నెల తొమ్మిదింటిదాకా పడుకోవడం. పది కోర్సుల్లో చేరి ఒక్కటీ ముగించకపోవడం. ఒక సమస్య వచ్చి మనిషి ఒక పక్కకు ఒరిగినప్పుడు, ఈ సగం సగం పనులన్నీ అదే పక్కకు పరుగెత్తి చేరతాయి. అప్పుడే పరీక్ష ఫీజు కట్టలేదని, అప్పుడే స్నేహితుడికిచ్చిన మాట తప్పామని గుర్తొస్తుంది. చిన్న సంచి తీసుకుని నిండా నింపడమే దీనికి మందు. రోజుకు రెండు గంటలు చదువుతానని అనుకుని వారానికి రెండు రోజులు చదివేవాడికంటే, రోజూ ఇరవై నిమిషాలు తప్పకుండా చదివేవాడి పడవే నిలకడగా ఉంటుంది.

ఆ ఇరవై నిమిషాల బలం తెలియాలంటే అలిపిరి దాటి ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) చిన్న వయసులోనే ఈ కొండెక్కాడని సంప్రదాయం చెబుతుంది. ఆయన సంకీర్తనలను చెక్కిన రాగిరేకుల ప్రకారం 1424 నుంచి 1503 వరకు ఆయన రోజుకు ఒక్కటికి తక్కువ కాకుండా రాశాడు. ఆయన చెప్పిన సంకీర్తనలు 32 వేలని లెక్క. ఆ 79 ఏళ్లలో ఉన్న రోజులు సుమారు 28,800. భాగించి చూస్తే రోజుకు ఒకటి, అప్పుడప్పుడు ఇంకొకటి. ఆ 79 ఏళ్లలో రాజులు మారారు, కరవులూ కష్టాలూ వచ్చే ఉంటాయి. రోజుకొక సంకీర్తన అనే అడుగు బరువు మాత్రం కదల్లేదు. రాసినవాటిలో చాలా భాగం కాలంలో కలిసిపోయినా, రాగిరేకుల మీద మిగిలిన వేల కీర్తనలు ఇవాళ మెట్లదారిలో లౌడ్‌స్పీకర్లలో వినబడుతూ ఎక్కేవాళ్లకు ఊపిరిపోస్తున్నాయి.

గీత ముందే గీసుకోవాలి

అడుగు బరువు మంచిదే అని తెలిశాక వచ్చే ప్రమాదం అతి. వేక్‌బోర్డింగ్ బోట్లలో చాలావాటికి ఒక పలక బిగించి ఉంటుంది. ఎంతమంది ఎక్కవచ్చు, మొత్తం ఎన్ని కిలోలు మోయవచ్చు అన్నది దానిమీద ఉంటుంది. సంచుల్లోని నీళ్లూ మనుషుల బరువూ కలిపే ఆ లెక్కలోకి వస్తాయి. ఆరుగురికి సరిపడా నీళ్లు నింపి, పైన పదిమందిని ఎక్కించుకుంటే పలక మీది అంకెకు అర్థమే లేదు.

బ్రిటన్‌లో శామ్యూల్ ప్లిమ్‌సాల్ అనే పార్లమెంటు సభ్యుడు ఇలాంటి పరిమితి కోసమే పోరాడాడు. అక్కడ కొందరు ఓడ యజమానులు బీమా ఉంది కదా అని పాత ఓడల్లో సరుకు మితిమీరి నింపేవారు. నావికులు ప్రాణాలు పోగొట్టుకునేవారు. 1876లో చట్టం వచ్చింది. ప్రతి ఓడ పక్కన ఒక గీత ఉండాలి. సరుకు ఎక్కించినప్పుడు నీళ్లు ఆ గీత దాటకూడదు. ఆ గీతకు నేటికీ ఆయన పేరే ఉంది. గీతను ప్రశాంతంగా ఉన్న రోజున, సరుకు ఎక్కించకముందే గీస్తారు. లాభం కళ్లముందు కనిపిస్తున్నప్పుడు ఎవరి చెయ్యీ గీతను సరైన చోట గీయదు.

గీత లేకపోతే ఏమవుతుందో ఆంధ్రదేశం చూసింది. 2017 నవంబరు 12న కృష్ణానదిలో, ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, పవిత్ర సంగమానికి పోతున్న పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. పరిమితికి మించి జనాన్ని ఎక్కించుకున్నారని అప్పుడు వార్తలు వచ్చాయి. పడవ ఎక్కే ప్రతి మనిషీ నేర్చుకోవాల్సిన రెండు సంగతులున్నాయి: ఎంతమంది ఎక్కవచ్చో అడగాలి, ఫొటోల కోసం అందరూ ఒకే పక్కకు చేరకూడదు. మనుషులు కదిలే బరువు. సగం కుండలోని నీళ్లలాంటివాళ్లు.

ఒంటికి కూడా ఇలాంటి గీత ఉంది. 2020లో వచ్చిన జాతీయ స్కూల్ బ్యాగ్ విధానం పిల్లల సంచి బరువు వాళ్ల శరీర బరువులో పది శాతం మించకూడదంది. ముప్ఫై కిలోల పిల్లాడికి మూడు కిలోలు. అలిపిరి మెట్లెక్కే పెద్దవాళ్లు కూడా ఈ పది శాతాన్నే తమ గీతగా పెట్టుకోవచ్చు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అందులో సగానికే ఆగడం మేలు.

పనికీ, బాధ్యతలకూ గీత ఎలా గీయాలి? వారంలో ఎన్ని గంటలు నిద్రకు, ఎన్ని ఇంటికి అన్నది మొదట రాసుకోవాలి. మిగిలింది పనికి. కొత్త బాధ్యత వచ్చినప్పుడు మోయగలనా అని అడిగితే ఉత్సాహంలో అందరూ మోయగలమనే అంటారు. గీత ఎక్కడుంది, నీళ్లు ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చాయి అని అడిగితే సమాధానం కాగితం మీద కనబడుతుంది.

గీత ఉందని సాహసం చేయకూడదని అర్థం కాదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జర్క్‌లో 130 కిలోలు ఎత్తింది. మొత్తం 240. ఆఖరి ప్రయత్నానికి బంగారం కోసం ఏకంగా 137.5 కిలోలు అడిగింది. అది నిలవలేదు. కానీ అప్పటికే ఖాతాలో ఉన్న 240 కిలోలు ఆమెకు కాంస్యం ఇచ్చాయి. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అయ్యింది. అడుగున 240 గట్టిగా ఉన్నాయి కాబట్టే పైన 137.5 అడిగే ధైర్యం చేయగలిగింది. కొత్త వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లు, ఉద్యోగం మారాలనుకునేవాళ్లు ఈ క్రమాన్ని కళ్లముందు ఉంచుకోవాలి. ముందు పడిపోయినా పోనిది సంపాదించుకుని, తర్వాత పెద్దది అడగాలి.

శ్రీహరికోటలో ఖాళీ ఇంజిను

కొత్త బరువు ఎత్తేముందు దాన్ని ఊరికే మోసి చూడవచ్చా? తిరుపతి జిల్లాలోనే ఉన్న శ్రీహరికోటలో ఇస్రో అలాగే చేసింది. బరువైన ఉపగ్రహాల కోసం తయారుచేసిన ఎల్‌వీఎం3 రాకెట్‌కు పైభాగంలో క్రయోజెనిక్ దశ ఉంటుంది. 2014లో ఆ ఇంజిను ఇంకా సిద్ధం కాలేదు. అయినా శాస్త్రవేత్తలు ఆగిపోలేదు. 2014 డిసెంబరు 18న పనిచేయని డమ్మీ ఇంజినుతో, ఇంధనం బదులు అంత బరువుండేలా ద్రవ నైట్రోజన్ నింపి రాకెట్‌ను ప్రయోగించారు. ఆ బరువుతో కింది దశలు ఎలా నడుస్తాయో తెలిసింది. 2017 జూన్ 5న నిజమైన క్రయోజెనిక్ దశతో అదే రాకెట్ ఎగిరింది. చంద్రయాన్-2ను, చంద్రయాన్-3ను మోసుకుపోయిందీ అదే.

దీన్ని ఇంట్లో వాడుకోవడం సులభం. ఇల్లు కొనాలనుకునేవాళ్లు బ్యాంకు చెప్పిన వాయిదా నెలకు 25 వేలు అయితే, ఇప్పుడు కడుతున్న అద్దెకు పైన తేలే సొమ్మును ఆరు నెలలు విడిగా ఒక ఖాతాలో వేసి చూడాలి. మొదటి నెలే తీయాల్సి వస్తే గీత ఎక్కడుందో తెలిసిపోయింది. ఆరు నెలలూ నిలబడితే బరువు ఒంటికి అలవాటైంది, పైగా సొమ్మూ పోగైంది. తిరుమల నడకకు కూడా ఇదే పద్ధతి. నెల ముందు నుంచి, మోయదలచిన సంచినే భుజాన వేసుకుని ఊళ్లో మెట్లెక్కడం మొదలుపెట్టాలి. మొదటి వారం ఖాళీ సంచి, రెండో వారం లీటరు నీళ్లు, మూడో వారం రెండు లీటర్లు. మోకాలు ఏ వారం మాట్లాడిందో, ఆ వారం బరువు దగ్గర ఆగాలి.

సాయంత్రం నీళ్లు వదిలేయాలి

ఆట అయ్యాక వేక్‌బోర్డింగ్ బోటును ఒడ్డుకు తెచ్చే ముందు సంచుల్లోని నీళ్లన్నీ అదే చెరువులో వదిలేస్తారు. బాగా ఆరబెడతారు కూడా. తీరం చేరినా బరువు మోస్తూ ఉంటే ట్రెయిలర్ ఇరుసు భరించలేదు. ఇంకా పెద్ద కారణం ఉంది. ఒక చెరువు నీళ్లు ఇంకో చెరువులో వదిలితే వాటితో పాటు అక్కడి జీవులు కూడా చేరతాయి. సముద్రాల మీది పెద్ద ఓడలు నిలకడ కోసం ఒక రేవులో నింపుకున్న నీళ్లను ఇంకో రేవులో వదలడం వల్లే జీబ్రా మసెల్ అనే చిన్న ఆలిచిప్ప 1980ల్లో అమెరికా మహా సరస్సుల్లోకి చేరింది. అక్కడి నీటి గొట్టాలను మూసేసేంతగా పెరిగింది. 2004లో ఓడల అడుగు నీటి మీద అంతర్జాతీయ ఒప్పందం కుదిరి, 2017 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది.

ఆఫీసులో పనికొచ్చిన కఠినత్వాన్ని ఇంటికి మోసుకొచ్చి పిల్లల ముందు వదిలేవాళ్లకు ఈ కథ తెలియాలి. పోటీ పరీక్ష కోసం రెండేళ్లు మోసిన బరువును, పరీక్ష అయిపోయాక కూడా దించనివాళ్లకు ఇంకా ఎక్కువ తెలియాలి. ఏ పని కోసం ఎక్కించుకున్నామో ఆ పని ముగిసిన చోటే ఖాళీ చేయాలి. సాయంత్రం బండి పార్క్ చేశాక ఐదు నిమిషాలు కూర్చుని ఆ రోజు మిగిలిన పనులు కాగితం మీద రాసి, ఆ కాగితం బండిలోనే ఉంచి ఇంట్లోకి వెళ్లవచ్చు. చిన్న పని, చేసి చూస్తే పెద్ద తేడా.

పెద్ద అల వేసేవాళ్లు ఒడ్డున ఉన్నవాళ్లనూ చూడాలి. బరువెక్కించిన బోట్ల అలలు గట్లను కోసేస్తున్నాయని అమెరికాలో ఫిర్యాదులు పెరిగాయి. మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో కొలిచి, వేక్‌సర్ఫింగ్ అనే ఇలాంటి ఆటకు వాడే బోట్లు ఒడ్డు నుంచి కనీసం 500 అడుగుల దూరంలో ఉండాలని సూచించారు. వెర్మాంట్ రాష్ట్రం 2024లో ఆ దూరంతో నిబంధనే తెచ్చింది. తన ఎదుగుదల కోసం ఇంట్లో ఒకరు ఎత్తే అల ఎవరి గట్టును తాకుతోందో చూసుకోవడం కూడా ఈ అభ్యాసంలో భాగమే. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివే తండ్రి టీ కోసం తల్లి కూడా నాలుగింటికే లేవాల్సి వస్తే, ఆ అల దూరం తప్పింది.

ఒక వారం అభ్యాసం

ఆదివారం: ఒక కాగితాన్ని మూడు భాగాలు చేయాలి. పైన, అడుగున, కదిలేవి. మోస్తున్నవన్నీ ఏ భాగంలో పడతాయో రాయాలి. వాయిదాలు, మాటిచ్చిన పనులు, ఆరోగ్యం, పొదుపు, స్నేహాలు, అన్నీ.

సోమవారం: పై భాగంలోంచి ఒకటి దించాలి. వాడని చందా రద్దు చేయడం లాంటి చిన్నదైనా సరే.

మంగళవారం: కదిలేవాటిలోంచి ఒక సగం కుండను ఎంచుకుని, నిండా నింపాలి లేదా పూర్తిగా వదిలేయాలి. మధ్యలో ఉంచకూడదు.

బుధ, గురువారాలు: అడుగు బరువు ఒకటి వేసుకోవాలి. రోజూ చేయగలిగేంత చిన్నది, ఏ రోజూ తప్పనిది. నడక, చదువు, అమ్మకు ఫోను, దాచే వంద రూపాయలు.

శుక్రవారం: గీత గీయాలి. వారానికి పని ఇన్ని గంటలు, నెలకు వాయిదాలు ఇంత అని అంకె రాసి, ఇంట్లో ఇంకొకరితో సంతకం చేయించాలి.

శనివారం: ఖాళీ చేయాలి. ఆ వారంతో అయిపోయిన పనులను కొట్టేసి, వాటి గురించి మాట్లాడటం కూడా ఆపేయాలి.

ఇక అలిపిరి సంచి విషయం. దారిలో మంచినీళ్లు దొరుకుతాయి కనుక లీటరు సీసా ఒకటి చాలు. మందులు, గుర్తింపు కార్డు, చిన్న తువాలు చేతిసంచిలో ఉండాలి. సంచికి రెండు పట్టీలుండాలి, రెండూ భుజాలకు తగిలించుకోవాలి. బరువైనవి వీపుకు ఆనుకుని, కదలకుండా సర్దాలి. తాగి సగమైన సీసా సంచిలో గలగలలాడుతూ వెనక్కి లాగుతుంటే, మోకాళ్ల మెట్టుకు ముందు ఆ నీళ్లు తాగేయడమో, మళ్లీ నింపుకోవడమో చేయాలి.

తిరుమలలో రసీదు చూపించి తీసుకున్న పెద్ద సంచిని కుటుంబాలు మళ్లీ నేలమీద పెట్టి తెరుస్తాయి. దర్శనమయ్యాక ఇంకోసారి తెరుస్తాయి. ఈసారి లోపలికి చేరేవి లడ్డూలు. పక్కింటివాళ్లకు రెండు, ఆఫీసుకు నాలుగు, ఊళ్లో అత్తకు ఒకటి. తడిసిన తువాళ్లు, చెప్పులు, ఖాళీ సీసాలు ఒక్కొక్కటే బయటికి తీసి, బరువైనవన్నీ అడుగున పేర్చి, లడ్డూల కవరు నలగకుండా అన్నిటికంటే పైన పెట్టి, అమ్మమ్మ తన చేత్తో జిప్పు మూస్తుంది.